బండి తాళం ఎవరి దగ్గర ఉండాలి?

మా రాత్రి బడికి వచ్చే ఒక పిన్ని మొన్న ఒక కార్డు పట్టుకొచ్చింది. "టీచరమ్మా, ఇదేంటో చదివి పెట్టు" అంది. అది వాళ్ళ బండి ఆర్.సి. కార్డు. ఆర్.సి. అంటే బండి ఎవరిదో చెప్పే ప్రభుత్వ కాగితం. దాని మీద అక్షరాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. మన ఊళ్ళో తిరిగే బండికి మన భాషలో కాగితం ఎందుకు ఇవ్వరో నాకు అర్థం కాదు. సరే, నేనే చదివాను. యజమాని అన్నచోట పిన్ని పేరే ఉంది.

"నా పేరేనా!" అని పిన్ని మురిసిపోయింది. డ్వాక్రా గ్రూపులో అప్పు తీసుకుని కొన్న బండి అది. అందుకే ఆమె పేరున వచ్చింది.

"మరి బండి నడిపేది ఎవరు పిన్నీ?" అని అడిగాను.

"మా చిన్నోడు. మీ బాబాయి పనికి హైదరాబాదు పోయాడు కదా. పొద్దున్నే పాలకేంద్రానికి పాలు వాడే వేస్తన్నాడు."

చిన్నోడు మొన్ననే పదో తరగతి పాసయ్యాడు. వాడికి పదిహేనేళ్ళు దాటి నాలుగు నెలలు. పాలకేంద్రానికి పోవాలంటే హైవే దాటాలి.

"లైసెన్సు లేదు కదా?" అన్నాను.

"ఎక్సెల్ బండే కదమ్మా. గేర్లు కూడా లేవు. దానికి లైసెన్సెందుకు?" అంది పిన్ని. చుట్టూ కూచున్న అక్కలందరూ అవునన్నట్టు తల ఊపారు. ఆ రోజు పాఠం పక్కన పెట్టి ఈ సంగతే మాట్లాడుకున్నాం. అదే ఇక్కడ రాస్తున్నాను.

గేర్లు లేకపోతే లైసెన్సు అక్కర్లేదా?

కావాలి. మన దేశంలో బండ్లకు 1988లో చేసిన మోటారు వాహనాల చట్టం ఉంది. దాని ప్రకారం 18 ఏళ్ళు నిండితేనే బండి నడపాలి. ఒక్క మినహాయింపు ఉంది. ఇంజను 50 సీసీకి మించని బండిని 16 ఏళ్ళు నిండినవాళ్ళు నడపొచ్చు. దానికీ లైసెన్సు కావాలి.

సీసీ అంటే ఏమిటి? అది ఇంజను ఎంత పెద్దదో చెప్పే కొలత. పాలకు గిద్దె, సోల, తవ్వ ఉన్నట్టు ఇంజనుకు సీసీ. వెనకటి లూనా లాంటి బండి 50 సీసీ ఉండేది. ఇప్పుడు ఊళ్ళల్లో తిరిగే ఎక్సెల్ హండ్రెడ్ దాదాపు 100 సీసీ. అంటే లూనాకు రెండింతలు. 50 సీసీ పెట్రోలు బండ్లు ఇప్పుడు షాపుల్లో దాదాపు లేవు. కాబట్టి పదహారేళ్ళకే నడపొచ్చన్న మాట చట్టంలో ఉన్నా మన పిల్లలకు ఉపయోగపడదు. పిన్ని కొడుకైతే 18 నిండేదాకా ఆగాల్సిందే.

శిక్ష ఎవరికి?

ఇది చెప్పగానే అందరూ నిశ్శబ్దమైపోయారు. 2019లో ఈ చట్టాన్ని మార్చారు. 18 నిండని పిల్లవాడు లైసెన్సు లేకుండా బండి నడిపి నేరం చేస్తే, తల్లిదండ్రులు గానీ బండి యజమాని గానీ తప్పు చేసినట్టే లెక్క. వాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు పడొచ్చు. 25 వేల రూపాయల జరిమానా. ఆ బండి ఆర్.సి. 12 నెలలు రద్దవుతుంది. పిల్లవాడికి 25 ఏళ్ళు నిండేదాకా లైసెన్సు ఇవ్వరు. వాడితోటి పిల్లలు 18 ఏళ్ళకే లైసెన్సు తెచ్చుకుని పనుల్లో చేరతారు. వాడు మాత్రం ఇంకా ఏడేళ్ళు కూచోవాలి.

మరి మాకు తెలియకుండా తీసుకుపోతే? నాకు తెలియదు, నేను వద్దన్నాను, జాగ్రత్త పడ్డాను అని రుజువు చేసుకుంటే తప్పించుకోవచ్చు. కానీ రుజువు చెయ్యాల్సింది మనమే. రోజూ పొద్దున్నే పాల క్యాను మనమే ఎత్తి బండి మీద పెడుతూ తెలియదంటే ఎవరు నమ్ముతారు?

ఇన్సూరెన్సు సంగతి కూడా వినండి. వాడి బండి కింద ఎవరైనా పడితే దెబ్బ తిన్నవాళ్ళకు కంపెనీ డబ్బు కట్టొచ్చు. కానీ నడిపినవాడికి లైసెన్సు లేదని ఆ డబ్బంతా తిరిగి యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. గ్రూపు అప్పు కంటే అది ఎన్నో రెట్లు పెద్ద అప్పు కావచ్చు.

చేతనైతే చాలదా?

"మావాడు బాగానే తోలుతాడు" అంది పిన్ని. నిజమే, నేనూ చూశాను. పడిపోకుండా తోలడం వారంలో వస్తుంది. ఎదురుగా వచ్చే లారీ ఎంత దూరంలో ఉంది, ఎంత జోరుగా వస్తోంది అని అంచనా వెయ్యడం మాత్రం అంత తొందరగా రాదు.

జోరు అంటే ఏమిటో చీరలతో కొలిచి చూద్దాం. ఒక చీర పొడవు ఐదున్నర మీటర్లు అనుకోండి. బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతోంది. అడ్డంగా గేదె వచ్చింది. గేదెను చూసి, బ్రేకు వెయ్యాలని తోచి, చెయ్యి కదిలేసరికి ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో బండి 11 మీటర్లు పోతుంది. అంటే రెండు చీరలు పొడుగునా పరిచినంత దూరం. ఇంకా బ్రేకు పడనే లేదు! 60 వేగంతో పోతే మూడు చీరలు. బ్రేకు పడ్డాక బండి ఆగడానికి ఇంకా కొంత దూరం కావాలి. వేగం రెండింతలైతే ఆ దూరం నాలుగింతలవుతుంది. వాన పడి రోడ్డు తడిగా ఉంటే ఇంకా ఎక్కువ. మనం రోడ్డు మీద ఆరబోసే వడ్ల మీద చక్రం జారుతుంది. (ఆ తప్పు మనదే అక్కా, పిల్లలది కాదు.)

18 నిండాక లైసెన్సు ఎలా?

ముందు ఎల్.ఎల్.ఆర్. తీసుకోవాలి. అంటే నేర్చుకోవడానికి ఇచ్చే అనుమతి. వయసుకీ, చిరునామాకీ రుజువు కావాలి. ట్రాఫిక్ గుర్తుల మీద, నియమాల మీద పరీక్ష ఉంటుంది. దాన్ని తెలుగులోనూ రాయొచ్చు. ఎల్.ఎల్.ఆర్. ఆరు నెలలు పనిచేస్తుంది. అది వచ్చిన 30 రోజుల తర్వాత బండి నడిపి చూపించి అసలు లైసెన్సు తెచ్చుకోవాలి.

ఎల్.ఎల్.ఆర్. ఉంది కదా అని ఒంటరిగా ఊళ్ళు తిరగకూడదు. లైసెన్సు ఉన్నవాళ్ళ దగ్గర నేర్చుకోవాలి. నేర్పేవాళ్ళను తప్ప ఇంకెవరినీ వెనక ఎక్కించుకోకూడదు. బండికి ముందూ వెనకా తెల్ల అట్ట మీద ఎర్రగా ఇంగ్లీషు 'ఎల్' అక్షరం రాసి పెట్టాలి. ఆ అట్ట 18 సెంటీమీటర్ల చదరంగా ఉండాలి.

గుర్తులు నేర్చుకోవడం కష్టం కాదు. గుండ్రంగా, ఎర్ర అంచుతో ఉంటే అది ఆజ్ఞ. ఎక్కువగా 'ఇది చెయ్యొద్దు' అని చెబుతుంది. మూడు మూలలతో, ఎర్ర అంచుతో ఉంటే ముందర ఏదో ఉంది, జాగ్రత్త అని. మలుపో, బడో, రైలు గేటో అక్కడ బొమ్మ వేసి ఉంటుంది. నీలం రంగు గుండ్రమైతే తప్పకుండా చెయ్యాల్సిన పని. నీలం రంగు పలకైతే ఆసుపత్రి, పెట్రోలు బంకు లాంటివి చెబుతుంది. ఎనిమిది మూలల ఎర్ర పలక ఒకటే ఉంది. అది కనిపిస్తే ఆగాలి.

మన ఊరి రోడ్డు హైవేలో కలిసేచోట అలాంటి పలక ఉన్నా లేకపోయినా ఆగాల్సిందే. కాలు కింద పెట్టి, కుడివైపు చూసి, ఎడమవైపు చూసి, మళ్ళీ కుడివైపు చూడాలి. ఎడమపక్కనే పోవాలి. పాలకేంద్రం దగ్గరే కదా అని ఎదురుదారిన పోవడం మన పిల్లలకు బాగా అలవాటు. ఆ దారిన వచ్చే లారీ డ్రైవరు ఎదురుగా ఎవరో వస్తారని అనుకోడు.

హెల్మెట్ నడిపేవాళ్ళకే కాదు, వెనక కూచున్నవాళ్ళకూ తప్పనిసరి. దాని మీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందో లేదో చూసి కొనండి. గడ్డం కింద పట్టీ బిగించకపోతే పడినప్పుడు తలకంటే ముందు అదే ఎగిరిపోతుంది. వెనక కూచునే మనం కొంగు నడుముకు దోపుకోవాలి. చున్నీ వెనక్కు వదలకూడదు. చక్రంలో చిక్కుకుంటే ఉరిలా బిగుస్తుంది. చక్రానికి పక్కన ఉండే చీర గార్డు అందుకే. అందంగా లేదని పిల్లలు దాన్ని పీకేస్తుంటారు, పీకనివ్వకండి.

ఎవరికైనా దెబ్బ తగిలితే వెంటనే 108కి ఫోను చెయ్యండి. సాయం చేసినవాళ్ళ మీద కేసు పెట్టకూడదని కూడా 2019 మార్పులో రాశారు. భయపడొద్దు.

ఇక పిన్ని సంగతి. బండి తాళం చెవి ఇప్పుడు ఆమె మంగళసూత్రానికి పిన్నీసుతో వేలాడుతోంది. పక్కింటివాళ్ళ క్యాన్లతో కలిపి పాలు ఆటోలో పంపుతోంది. రోజుకు 20 రూపాయలు పోతున్నాయని గొణుగుతూనే ఉంది. చిన్నోడు రెండు రోజులు అన్నం మానేశాడు.

పోయిన సోమవారం ఇంకో సంగతి చెప్పింది. "టీచరమ్మా, సొంత బండి లైసెన్సుకు చదువు ఇంత ఉండాలని ఏమైనా ఉందా?" అని అడిగింది. లేదన్నాను. "అయితే నేనే నేర్చుకుంటా. బండి నాది, పాలు నావి" అంది. ఎల్.ఎల్.ఆర్. పరీక్ష కోసం గుర్తుల పుస్తకం రోజూ బడికి తెస్తోంది. తెల్ల అట్ట మీద ఎర్ర రంగుతో 'ఎల్' రాసే పని చిన్నోడికి అప్పజెప్పింది. వాడు స్కేలు పెట్టి 18 సెంటీమీటర్లు కొలుస్తుంటే నేనూ చూశాను.