బస్తాలు నిండాయి, గింజ నిండిందా?

కోత పండుగనాడు మన సంఘాలలో వరికంకులు, ధాన్యపు మూటలు ప్రభువు సన్నిధికి తెచ్చి కృతజ్ఞత చెల్లిస్తాము. ఎకరాకు ఎన్ని బస్తాలు పండాయని ఒకరినొకరు అడుగుతాము. ఆ గింజలో మన బిడ్డలకు కావలసిన బలం ఎంత ఉన్నదని మాత్రం అడగము.

గింజలోని ఖనిజాలు నేలలోనుండి వచ్చేవే. కనుక మనము వేసే ఎరువు దిగుబడినే కాదు, మన పళ్లెములోని అన్నాన్ని కూడా మారుస్తుంది.

మొదట నత్రజని. మాంసకృత్తుల తయారీకి ఇది అవసరం. యూరియాను ఒకేసారి కుమ్మరించక దఫాలుగా వేసి, చివరి దఫా చిరుపొట్ట దశలో అందిస్తే గింజలో మాంసకృత్తులు కొంత పెరుగుతాయి. మోతాదు మించితే చేను పడిపోతుంది. దోమపోటు, అగ్గితెగులు పెరుగుతాయి.

రెండవది జింకు. ఉత్తర భారతంలో వరిని పీడించిన ఖైరా తెగులుకు కారణం జింకు లోపమేనని 1966లో పంత్‌నగర్‌లో డాక్టర్ వై. ఎల్. నేనే కనుగొన్నారు. మన చేలలోనూ ఆకులపై తుప్పు మచ్చలు కనబడి, ఆకు పెళుసుగా విరిగితే ఆ లోపాన్ని అనుమానించాలి. జింకు చాలని పిల్లలలో ఎదుగుదల కుంటుపడుతుంది, విరేచనాలు త్వరగా తగ్గవు. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో అది ఇంకా తక్కువ.

లోపమున్న పొలానికి ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయాలి. భాస్వరపు ఎరువుతో కలిపి వేయరాదు. కలిస్తే జింకు పైరుకు అందదు. పైరుపై లోపం కనబడితే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున పిచికారి చేయవచ్చు. పూత తరువాత ఆకులపై చల్లిన జింకు, నేలలో వేసినదానికంటే ఎక్కువగా గింజకు చేరుతుంది.

ఒక దేశమంతా ఈ మార్గంలో నడిచిన ఉదాహరణ ఫిన్లాండు. అక్కడి నేలల్లో సెలీనియం తక్కువ. ఎరువులలో దానిని కలపాలని 1984లో ప్రభుత్వం నిర్ణయించింది. తరువాత గోధుమలోనూ, పాలలోనూ, ప్రజల రక్తంలోనూ అది పెరిగింది. అయితే పంజాబులోని కొన్ని గ్రామాల నేలల్లో అదే సెలీనియం ఎక్కువై పశువులకు హాని చేసింది. మేలు చేసేది కూడా మితముగానే ఉండాలి.

అన్నిటికీ ఎరువే మందు కాదు. నేలలో వేసిన ఇనుము చాలావరకు కరగని రూపంలోకి మారిపోతుంది, గింజకు పెద్దగా చేరదు. రక్తహీనత ఉన్న తల్లులకు డాక్టరు ఇచ్చే మాత్రలతోపాటు ఆకుకూరలు, పప్పు, సజ్జలు, మాంసము పెట్టాలి.

కాబట్టి ముందు మట్టి పరీక్ష చేయించండి. 2015లో ప్రారంభమైన పథకం క్రింద భూసార కార్డు మీకు వచ్చి ఉంటే, అందులో జింకు అంకెను చదివించుకోండి. పశువుల ఎరువు, పచ్చిరొట్ట మానవద్దు.

లూకా సువార్త 13వ అధ్యాయంలోని తోటమాలి ఫలించని చెట్టును నరకనివ్వక, ముందు దాని వేళ్లను చూసుకుంటానన్నాడు. పిల్లవాడు బక్కచిక్కితే మనమూ పళ్లెము మాత్రమే చూడక పొలమును కూడా చూద్దాము. నేల దేవునిది, దానిని ఆయన మన చేతికి అప్పగించాడు.