బేరారు అడగబోయి రెబెకాను తెచ్చుకున్న దివాను

సాలార్‌జంగ్ మ్యూజియం మీద ముఖచిత్ర కథనం కావాలని అడిగేనాటికే ఎడిటర్ గారు కవర్ మీదికి ఏ బొమ్మ ఎక్కాలో తేల్చేసుకున్నారు. మేలిముసుగు రెబెకా పాలరాతి బొమ్మ. గురువారం పొద్దున్నకి పేజీలు ప్రెస్సుకి పోవాలి. ఈలోగా కొత్త సంగతి దొరికితే సరేసరి, లేకపోతే గడియారం ఉండనే ఉందన్నారు. నా మనసేమో జేడ్ గది మీద ఉంది. రెబెకా గురించి రాయడానికి కొత్తగా ఏం మిగిలింది? స్కూలు ఎక్స్‌కర్షన్ బస్సు చార్మినార్‌కీ జూపార్కుకీ మధ్య దింపితే చూసినవాళ్ళలో ఆమె తెలియనివాళ్ళు ఎవరు?

మిగిలిందేమిటో రెండు సంవత్సరాలు పక్కపక్కన రాసుకుంటే తెలిసింది. శిల్పి పేరు జొవాన్ని మరియా బెంజోని. ఇటలీలోని బెర్గామో ప్రాంతంవాడు, రోమ్‌లో స్థిరపడ్డాడు. పుట్టింది 1809లో, పోయింది 1873లో. గైడ్ల నోటా, రెబెకా మీద వచ్చిన చాలా రాతల్లోనూ ఈ శిల్పం చెక్కిన సంవత్సరం మాత్రం 1876. పోయిన మూడేళ్ళకు ఉలి పట్టిన శిల్పి అన్నమాట!

1876 గాలిలోంచి ఊడిపడలేదు. అది కొన్నవాడి సంవత్సరం. హైదరాబాదు దివాను మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీ ఖాన్ ఆ ఏడాది యూరప్ వెళ్ళాడు, రోమ్‌లో ఈ బొమ్మను కొన్నాడు. ఎందుకు వెళ్ళాడో చూస్తే ఈ పాలరాయి కథ కాస్తా రాజకీయ కథ అవుతుంది.

1853లో నిజాం ప్రభుత్వం బాకీల ఒత్తిడికి తలవంచి, నల్లరేగడి పత్తినేలలున్న బేరారును ఈస్టిండియా కంపెనీ చేతిలో పెట్టింది. నిజాం ఖర్చు మీద కంపెనీ నడిపే సైన్యానికి జీతాలు ఆ రాబడిలోంచి పోవాలని ఒప్పందం. అది కుదుర్చుకున్న దివాను సిరాజుల్ ముల్క్ రోజుల వ్యవధిలోనే కన్నుమూశాడు. ఆ కుర్చీలో కూర్చున్న తురాబ్ అలీకి అప్పటికి పాతికేళ్ళు కూడా లేవు. 1857లో తిరుగుబాటు హైదరాబాదు గుమ్మం దాకా వస్తే ఇంగ్లీషువాళ్ళ పక్షాన గట్టిగా నిలబడ్డాడు. ఆ మేలు గుర్తుంచుకుని బేరారు తిరిగి ఇస్తారని ఆశ. కొన్ని జిల్లాలు వెనక్కి వచ్చాయి గానీ బేరారు రాలేదు. కలకత్తా వినదు కాబట్టి లండన్ వింటుందేమోనని 1876లో ఓడ ఎక్కాడు.

దారిలో రోమ్, అక్కడ రెబెకా. ఆ తర్వాత పారిస్‌లో హోటల్ మెట్ల మీద కాలుజారి తొడకు పెద్ద దెబ్బ. ఆ గాయంతోనే లండన్ చేరాడు. మర్యాదలకు లోటు లేదు. ఆక్స్‌ఫర్డ్ గౌరవ డాక్టరేటు ఇచ్చింది, లండన్ నగరం గౌరవ పౌరుణ్ణి చేసుకుంది, విందులు జరిగాయి. బేరారు మాట ఎత్తితే మాత్రం భారత వ్యవహారాల మంత్రి సాల్స్‌బరీ, ఏదైనా ఉంటే కలకత్తా ప్రభుత్వం ద్వారా పంపమన్నాడు. ఎవరు వినడం లేదని సముద్రం దాటి వెళ్ళాడో మళ్ళీ వాళ్ళ గుమ్మంలోకే! 1902లో కర్జన్ బేరారును శాశ్వత కౌలు కింద రాయించుకున్నాడు. దివాను అడిగింది ఇంటికి రాలేదు, డబ్బిచ్చి కొన్నది మాత్రం భద్రంగా వచ్చింది.

మళ్ళీ శిల్పం దగ్గరికి వద్దాం. 1873లో పోయిన మనిషి పనిని 1876లో కొన్నారంటే, అది ఆయన బతికుండగా తయారై ఉండాలి, లేదా ఆయన నమూనాను బట్టి పనివాళ్ళు తీసి ఉండాలి. ఇందులో మోసమేమీ లేదు. ఆనాటి పాలరాతి శిల్పశాలలు నడిచిందే అలా. శిల్పి బంకమట్టితో మొదటి రూపం చేస్తాడు. దాన్నుంచి ప్లాస్టర్ అచ్చు తీస్తారు. అచ్చు మీద చుక్కలు గుర్తుపెట్టి, కొలత ముల్లు ఉన్న చట్రంతో ఒక్కో చుక్క లోతునూ పాలరాతి దిమ్మలోకి దించుతారు. ఈ చాకిరీ అంతా జీతగాళ్ళది. పేరున్న శిల్పి చివర్లో చెయ్యి చేసుకుంటాడు. గిరాకీ ఉన్న బొమ్మను మళ్ళీ మళ్ళీ చేయించడం ఆ రోజుల్లో తప్పు కాదు, అది వ్యాపారం. బెంజోని శిల్పశాల పెద్దది, రెబెకాకు గిరాకీ ఇంకా పెద్దది. అమెరికాలో అట్లాంటాలోని హై మ్యూజియంలో ఒక రెబెకా ఉంది, మసాచుసెట్స్‌లోని పిట్స్‌ఫీల్డ్ ఊళ్ళో బర్క్‌షైర్ మ్యూజియంలో ఇంకొకామె ఉంది. ‘ప్రపంచం మొత్తంలో ఇదొక్కటేనండీ’ అని గైడ్ అంటే తల ఊపి ముందుకు కదలండి, గొడవెందుకు.

ఇంతకీ ఎవరీమె? బైబిల్ చదివే ఇళ్ళలో చెప్పనక్కర్లేదు, తెలుగు బైబిల్లో ఈమె రిబ్కా. ఆదికాండము 24వ అధ్యాయం. అబ్రాహాము కొడుకు ఇస్సాకుకు పిల్లను వెతకడానికి వెళ్ళిన సేవకుడికి బావి దగ్గర కనిపించి, అతనికీ ఒంటెలకూ కూడా నీళ్ళు తోడిపోసిన పిల్ల. పెళ్ళికి ఒప్పుకుని ఒంటె మీద వస్తూ, పొలంలో ఎదురొచ్చే మనిషి ఎవరని అడుగుతుంది. అతనే నీ కాబోయే భర్త అని తెలియగానే ముసుగు కప్పుకుంటుంది. బెంజోని పట్టుకున్నది ఆ క్షణాన్నే. యూరప్ శిల్పమంతా ఎదురుగా ఉంటే, పరదా పాటించే ఇంటి దివాను కన్ను ఈ ముసుగు మీద పడటం నాకైతే ముచ్చటగా అనిపిస్తుంది.

పని గురించి ఒక్క మాట. ముసుగొక పొర, ముఖమొక పొర అని కళ్ళకు తోస్తుంది గానీ ఉన్నది ఒకే రాయి. ముక్కు, పెదవులు, గడ్డం లాంటి మిట్టల దగ్గర రాతిని నున్నగా వదిలాడు. వాటి మధ్య పల్లాల్లో అంచులు తేలకుండా మెత్తగా అరగదీశాడు. వాటి మీదుగా సన్నని మడతలు నడిపించాడు. పుష్కరాల్లో మునిగి లేచినప్పుడు ముఖానికి అంటుకుపోయిన పైటచెంగులా ఉంటుంది. మిగతాది వెలుగు చేసుకుపోతుంది. ఈ విద్య బెంజోని కనిపెట్టిందేమీ కాదు, నేపుల్స్‌లో సన్‌మార్తీనో 1753లోనే ముసుగు కప్పిన క్రీస్తును చెక్కాడు. 19వ శతాబ్దంలో అదొక మోజు.

ఇక మ్యూజియం చరిత్ర, గబగబా. మనవడు మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1889లో పుట్టాడు. నెల తిరక్కుండానే తండ్రి పోయాడు. 1912 నుంచి రెండేళ్ళు ఏడో నిజాంకు దివాను. ఆ తర్వాత బతుకంతా వస్తువులు కొనడమే. పెళ్ళి చేసుకోలేదు, 1949లో చనిపోయాడు. అప్పటి హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి వెల్లోడి ఆ గుట్టలన్నీ సర్దే పనికి జేమ్స్ కజిన్స్‌ను పిలిపించారు. ఈయన మదనపల్లెలో పాఠాలు చెప్పిన ఐరిష్ కవి. మన ‘జనగణమన’ బాణీకి స్వరలిపి రాసిన మార్గరెట్ భర్త. 1951 డిసెంబరు 16న సాలార్‌జంగ్‌ల భవనమైన దివాన్ దేవిడిలో నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. ఈ సేకరణ మీద వారసుల మధ్య 1958లో రాజీ కుదిరింది. 1961లో పార్లమెంటు చట్టం చేసి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది. ఒక్క మనిషి సేకరించిన మ్యూజియం అన్న పేరు అప్పటినుంచీ మోగుతూనే ఉంది. సేకరణలో సింహభాగం మనవడిదే, కాదనను. అయితే జనం ఎక్కువగా మూగే రెబెకా ఆయన పుట్టడానికి పదమూడేళ్ళ ముందే తాత కొన్న బొమ్మ.

గడియారం

వదిలేస్తే పాఠకులు ఊరుకోరు. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ గడియారం. కమ్మరి బొమ్మ సెకనుకో సుత్తి దెబ్బ వేస్తుంటాడు. ప్రతి గంటకూ గడ్డం బొమ్మ బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతాడు. పన్నెండు దెబ్బలు వినాలని మధ్యాహ్నం జనం ముందే వచ్చి చోటు పట్టుకుంటారు.

మెఫిస్టోఫిలిస్, మార్గరెటా

ఒకే కొయ్యలో ముందువైపు తలెగరేసిన సైతాను, వెనకవైపు తలవంచిన పిల్ల. వెనక రూపం కనబడేలా అద్దం పెట్టారు. నేర్పు ఉంది. కళ మాటకొస్తే రెబెకాకు చాలా దూరం.

నిజంగా ఇక్కడ మాత్రమే ఉన్నవి

బాగ్దాదు లేఖకుడు యాకూత్ అల్ ముస్తాసిమీ 1288లో రాసిన ఖురాన్. జహంగీర్, షాజహాన్, ఔరంగజేబు ముగ్గురి సంతకాలూ దాని మీద ఉన్నాయి. జేడ్ గదిలో అల్తమష్ పేరున్న పుస్తకపీట, షాజహాన్ బిరుదు చెక్కిన విలుకాడి ఉంగరం, జహంగీర్ బాకు చూడాలి. నూర్జహాన్ పళ్ళకత్తి అని చూపించేదీ అక్కడే ఉంది, ఆమెదే అన్నది మాత్రం ప్రతీతి.  ఇంకో రెబెకా అట్లాంటాలో దొరుకుతుంది. ఈ ఖురాన్‌కు రెండో ప్రతి ఎక్కడా లేదు.

వెళ్ళేవారికి

గడియారం దగ్గర పన్నెండు దెబ్బలు అయ్యాక జనమంతా ఒక్కసారి లేచి రెబెకా వైపు నడుస్తారు. ఆ పూట మీరు జేడ్ గదికి పొండి, ఆమె దగ్గరికి తర్వాత రావచ్చు. శుక్రవారం మ్యూజియానికి సెలవు.