పాత మంగలికత్తిని శుద్ధి చేయడం

ఈ-బేలో పాత మంగలికత్తి కొన్న మిత్రులు నన్నడిగే ప్రశ్న ఒకటే: "నీళ్ళలో మరిగిస్తే చాలదా?" వద్దంటాను. పిడి పాడవుతుంది, ఉక్కుకు తుప్పు పడుతుంది. బ్లీచ్ కూడా ఉక్కును తినేస్తుంది.

అలాగని వదిలేయడానికీ లేదు. హెపటైటిస్-బి వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతకగలదు. ప్రోగ్రాంలో లాగే ఇక్కడా వరస తప్పకూడదు.

ముందు గ్లవ్స్ వేసుకుని, సబ్బునీళ్ళతో, పాత టూత్‌బ్రష్‌తో పిడి సందుల్లోని మురికి కూడా వదిలించండి. మురికి కింద దాగిన క్రిమిని ఏ మందూ చేరదు.

తరువాత ఇక్కడి బార్బర్లు వాడే బార్బిసైడ్‌ను సీసా మీద చెప్పిన పాళ్ళలో కలిపి, ఉక్కు భాగాన్ని 10 నిమిషాలు ముంచండి. కడిగి, తుడిచి, పల్చగా నూనె రాయండి.

సానరాయి, తోలుపట్టీ ఆ తరువాతే. లేకపోతే కత్తికున్నది వాటికీ అంటుకుంటుంది.

అంచున తుప్పు గుంటలు పడిన కత్తిని మాత్రం నేను అలమారలోనే ఉంచుతాను, గడ్డం దగ్గరకు రానివ్వను.