పాదం ఒప్పుకున్నదే అందం

షాదీఖానాలో రాత్రి పదకొండు దాటింది. నికాహ్ ముగిసి విందు సాగుతోంది. మహిళల విభాగంలో ఒక మూలనున్న కుర్చీల వరుసను గమనించండి. జరీ పనితో మెరిసే దుస్తులు ధరించిన ముగ్గురు నలుగురు యువతులు చెప్పులు విడిచి, వాటిని కుర్చీల కిందికి నెట్టి, అరికాళ్ళు రుద్దుకుంటూ కనిపిస్తారు. సాయంత్రం అందరి మెప్పునూ పొందిన హీల్స్ మూడు గంటలైనా గడవకముందే శిక్షగా మారాయి. వేదికపై ఉన్న వధువు స్థితి ఇంకా కష్టం. వచ్చిన ప్రతి బంధువు కోసం ఆమె లేచి నిలబడాలి, ఫోటోలకు నవ్వాలి. చెప్పులు విడిచే వీలు కూడా ఆమెకు లేదు.

పెళ్ళి బట్టలకు నెలలు, నగలకు వారాలు వెచ్చించే మనం చెప్పుల కొనుగోలును మాత్రం చివరి రోజుకు వదిలేస్తాం. రంగు కలిసిందా, మెరుపు ఉందా అని చూస్తామే తప్ప, నాలుగైదు గంటలు మన బరువు మోసే వస్తువు అది అన్న సంగతి మరచిపోతాం. కాలు నొప్పెడితే, అందం కావాలంటే ఆ మాత్రం ఓర్చుకోవాలని సర్దిచెప్పుకుంటాం. నిజానికి అందమూ సౌకర్యమూ ఒకదానికొకటి విరోధులు కావు. ఎంపిక సరిగా జరిగితే రెండూ ఒకే జతలో దొరుకుతాయి.

ఎత్తు మడమ కథ

ఎత్తు మడమల పాదరక్షలు మొదట స్త్రీల అలంకారం కోసం పుట్టలేదు. పూర్వం పారశీక ఆశ్వికులు గుర్రంపై నిలబడి విల్లు ఎక్కుపెట్టేటప్పుడు, రికాబులో నుంచి పాదం జారకుండా మడమ ఉన్న పాదరక్షలు వాడేవారు. అక్కడి నుంచి ఆ అలవాటు ఐరోపా ప్రభువుల వద్దకు చేరింది. 17వ శతాబ్దంలో ఫ్రాన్సు రాజు 14వ లూయీ ఎర్రని మడమల బూట్లు ధరించేవాడు. సూదిమొనలాంటి స్టిలెట్టో హీల్ 1950ల నాటిది. అంత సన్నని మడమ విరిగిపోకుండా ఉండటానికి దాని లోపల లోహపు ఊచను అమర్చారు. అంటే ఎత్తు మడమ గుర్రపు స్వారీ కోసం పుట్టింది, రోజంతా నడవడానికి కాదు. దాన్ని నడకకు వాడుకోదలచినప్పుడు కొంత జాగ్రత్త అవసరమవుతుంది.

కాలిలో జరిగేదేమిటి?

చదునైన నేలపై నిలబడినప్పుడు శరీర భారం మడమకూ, పాదం ముందు భాగానికీ పంపిణీ అవుతుంది. మడమ లేచేకొద్దీ ఆ భారం వేళ్ళ మొదళ్ళ మీదికి జరుగుతుంది. చెప్పు ముందు భాగం కొనదేలి ఉంటే వేళ్ళు ఒకదానిపై ఒకటి నొక్కుకుంటాయి. ఇది ఏళ్ళ తరబడి సాగితే ఆనెలు కాస్తాయి. బొటనవేలి మొదట్లో ఎముక పొడుచుకు వచ్చే సమస్య ముదురుతుంది. ఈ సమస్యకు వంశపారంపర్య కారణమూ ఉంటుంది. తల్లికి ఉంటే కూతురు మరింత జాగ్రత్తపడాలి. వేళ్ళ మధ్య నరం ఒత్తిడికి గురై మంట, తిమ్మిరి కలగడమూ ఉంది.

రోజూ ఎత్తు మడమలే వాడేవారిలో పిక్క కండరాలు పొట్టిబడి, మడమ వెనుకనున్న స్నాయువు బిగుసుకుంటుంది. అటువంటివారు అకస్మాత్తుగా చదును చెప్పులకు మారితే పిక్కలు లాగుతాయి. మోకాళ్ళపై భారం పెరుగుతుంది, నడుము నొప్పి కూడా రావచ్చు. అన్నిటికన్నా వెంటనే ఎదురయ్యే ప్రమాదం చీలమండ బెణకడం. మెట్లు, నున్నని పాలరాయి, తివాచీ అంచు, పచ్చిక నేల ఇందుకు పేరుపొందిన చోట్లు.

ఏ మడమ ఎవరికి?

ఎత్తు ఒక్కటే చూడకూడదు, నేలను తాకే వైశాల్యం కూడా చూడాలి. వెడల్పాటి బ్లాక్ హీల్ భారాన్ని నిలకడగా మోస్తుంది. పెళ్ళిళ్ళకు ఇదే మొదటి ఎంపికగా పెట్టుకోవచ్చు. మడమ నుంచి ముందుదాకా ఒకే దిమ్మెగా ఉండే వెడ్జ్ పచ్చికలో దిగబడదు. తోటలో విందు ఉంటే అది మేలు. నాలుగైదు సెంటీమీటర్లు మించని కిట్టెన్ హీల్ చూపుకు నాజూకుగా ఉంటుంది కాని, దాని మొన సన్నన కనుక మెట్లపై జాగ్రత్త అవసరం. స్టిలెట్టోను ఎక్కువసేపు కూర్చునే సందర్భాలకే పరిమితం చేయడం మంచిది.

ప్లాట్‌ఫామ్ హీల్స్‌లో ఒక లెక్క ఉంది. మడమ నాలుగు అంగుళాలు, ముందు అట్ట ఒక అంగుళం ఉంటే, పాదానికి తెలిసే వాలు మూడు అంగుళాలే. ఎత్తు కావలసినవారికి ఇది ఉపయోగమే. అయితే ఆ అట్ట మరీ మందమైతే వంగదు, నేల తీరు కాలికి తెలియదు. అప్పుడు కాలు మడతపడే ప్రమాదం పెరుగుతుంది.

కొనేటప్పుడు

చెప్పులు సాయంత్రం పూట కొనండి. రోజంతా తిరిగిన పాదం కొంత ఉబ్బి ఉంటుంది. పెళ్ళి రాత్రి ఉండే కొలత అదే. చాలామందికి రెండు పాదాలూ ఒకే కొలతలో ఉండవు. పెద్ద పాదానికి సరిపోయేదే తీసుకోవాలి. వేళ్ళ ముందు కాస్త ఖాళీ ఉండాలి. వేళ్ళు కదిలించగలగాలి, మడమ మాత్రం జారకూడదు. 'వాడగా వాడగా వదులవుతుంది' అన్న దుకాణదారు మాటను నమ్మి బిగుతైనది కొనవద్దు.

చెప్పును చేతిలోకి తీసుకుని వంచి చూడండి. వేళ్ళ మొదళ్ళు ఆనే చోట వంగాలి, నడిమధ్యన వంగితే లోపలి ఆధారం బలహీనమని అర్థం. బల్లపై నిలిపి మెల్లగా కదిపితే ఊగకూడదు. అడుగుభాగం గాజులా నున్నగా ఉంటే చెప్పులు కుట్టేవారి చేత పలుచని రబ్బరు పొర అతికించుకోవచ్చు. చీలమండ చుట్టూ పట్టీ ఉంటే పాదం ముందుకు జారదు. రాళ్ళు, పూసలు కుట్టిన పట్టీ లోపలివైపు వేలితో తడిమి చూడండి. బయట మెరిసే పూస లోపల గీరుకునే ముడిగా ఉండవచ్చు. దుకాణంలో తివాచీపై రెండడుగులు వేసి సరిపెట్టక, గట్టి నేలపై కొన్ని నిమిషాలు నడవండి.

పెళ్ళి ఇంట్లో

చెప్పులు ముందు, దర్జీ తరువాత. ఈ క్రమం తారుమారైతే కష్టమే. హైదరాబాదు వధువు ధరించే ఖడా దుపట్టా ఆరు గజాల బరువైన వస్త్రం. లెహంగా, శరారాల అంచులు నేలను తాకుతూ ఉంటాయి. ఏ ఎత్తు చెప్పు వేసుకుంటారో నిర్ణయమైన తరువాతే అంచు కొలత ఇవ్వాలి. లేకుంటే ఎత్తు తగ్గిన రోజున అంచు కాలికింద పడుతుంది. చీరకు ఫాల్ కుట్టించేటప్పుడూ ఇదే సూత్రం.

కొత్త జతను పెళ్ళికి రెండు వారాల ముందు నుంచే ఇంట్లో రోజుకు ఇరవై నిమిషాలు వేసుకుని నడవాలి. ఒరుసుకునే చోటు ముందే తెలుస్తుంది. అక్కడ పట్టీ అతికించుకుంటే బొబ్బలు రావు. వధువు పెట్టెలో ఒక జత చదును చెప్పులు తప్పక ఉంచండి. పొడవాటి అంచు కింద ఆమె ఏ చెప్పులు వేసుకుందో అతిథులు చూడరు. ఆమె ముఖంలోని అలసటను మాత్రం అందరూ చూస్తారు.

గర్భిణులు, పసిబిడ్డను ఎత్తుకునే తల్లులు ఎత్తు మడమలకు దూరంగా ఉండటమే క్షేమం. మధుమేహం ఉన్న పెద్దవారికి పాదాల స్పర్శ తగ్గి ఉండవచ్చు. చెప్పు కరిచినా వారికి తెలియదు, చిన్న గాయమే పెద్ద పుండవుతుంది. వారికి మెత్తని, వెడల్పాటి పాదరక్షలే అలంకారం.

రోజువారీ వాడకానికి

పాఠశాలలో నిలబడి బోధించే ఉపాధ్యాయినికి, బస్సులో ప్రయాణించి కార్యాలయానికి వెళ్ళే ఉద్యోగినికి రెండు, మూడు సెంటీమీటర్ల వెడల్పు మడమ చాలు. పూర్తి చదునుగా, అట్టముక్కలా పలుచగా ఉండే చెప్పులు కూడా అరికాలికి మేలు చేయవు. లోపల మెత్తదనం, పాదం వంపుకు ఆధారం ఉండాలి. బయట ఉన్నప్పుడు వుజూ చేసి నమాజ్ ఆచరించే సోదరీమణులకు మరో సంగతి. అయిదారు బకిళ్ళున్న చెప్పులు ప్రతిసారీ విప్పి తొడగడం శ్రమ. ఒకే పట్టీతో తేలికగా వచ్చేవి ఎంచుకోండి. తడి పాదంతో చెప్పు తొడిగితే జారుతుంది, చర్మం ఒరుసుకుపోతుంది. వేళ్ళ సందులు తుడుచుకున్నాకే తొడగండి.

ఇంటికి చేరాక గోడకు రెండు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి చాచి, మడమ నేలకు ఆనేలా అరనిమిషం నిలవండి. రెండో కాలికీ అలాగే చేయండి. పిక్కల బిగువు సడలుతుంది. నొప్పి, తిమ్మిరి రోజుల తరబడి తగ్గకుంటే వైద్యుణ్ణి సంప్రదించడం ఆలస్యం చేయవద్దు.

పెద్దలకు ఒక మాట

ఎత్తు మడమల వెనుక కొన్ని ఇళ్ళలో మరొక బాధ దాగి ఉంది. 'అమ్మాయి పొట్టి' అన్న ఒక్క మాట చాలు, పెళ్ళిచూపుల రోజున ఆమె కాళ్ళకు నాలుగు అంగుళాల మడమలు వచ్చి చేరతాయి. అబ్బాయి పక్కన ఫోటోలో బాగుండాలని నికాహ్ నాడూ అవే. ఎత్తును దాచి కుదుర్చుకునే సంబంధం ఎవరికీ గౌరవం కాదు. చెప్పులు విడిచి ఇంట్లో తిరిగే మొదటి రోజునే నిజం తెలుస్తుంది. ఉన్న ఎత్తును ఉన్నట్టు చెప్పి, ఆమె ఇష్టపడితే, ఆమె కాలికి నప్పినంత ఎత్తే వేయించండి.

ఈసారి పెళ్ళి బజారుకు వెళ్ళినప్పుడు కూతురినో, కోడలినో 'ఇది బాగుందా?' అని మాత్రమే అడగకండి. 'ఇందులో నాలుగు గంటలు నిలబడగలవా?' అని కూడా అడగండి. ఆమె పాదం చెప్పే జవాబును బట్టి డబ్బు చెల్లించండి.