మీకు తెలుసా? పిల్లల మందుల చీటీలో బరువు గడి

తెలంగాణ హెల్త్ ప్రొఫైల్ పని 2022 మార్చిలో ప్రయోగాత్మకంగా రెండు జిల్లాల్లోనే మొదలైంది. ఒకటి ములుగు, రెండోది రాజన్న సిరిసిల్ల. వైద్య సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి బీపీ, షుగర్, ఎత్తు, బరువు రాసుకున్నారు. అయితే ఆ లెక్క 18 ఏళ్లు నిండినవాళ్లకే. ఫిట్స్ మందు తాగే ఆరేళ్ల పాప, ఒక్క నిమిషం కుదురుగా కూర్చోలేని తొమ్మిదేళ్ల బాబు అందులో లేరు.

పిల్లల లెక్క వేరేచోట ఉంది. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార బృందాలు అంగన్‌వాడీలకు ఏటా రెండుసార్లు, సర్కారు బడులకు ఒకసారి వెళ్లి చూడాలి. వాళ్లు చూసే జబ్బుల్లో ఫిట్స్, మాట ఆలస్యం, ఆటిజం, కుదురు లేకపోయే ఏడీహెచ్‌డీ కూడా ఉన్నాయి. వైకల్యం తేల్చే క్యాంపుకు పోతే అది ఎంత శాతమో సర్టిఫికెట్‌లో వస్తుంది. కానీ ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్నాళ్ల నుంచి అన్నది ఈ రెండింట్లోనూ దొరకదు. అది ఓపీ చీటీలో ఉంటుంది. ఆ చీటీ అమ్మ దాచుకున్న ప్లాస్టిక్ కవర్లో ఉంటుంది. కోరుట్లలో ఒక డాక్టరు రాసింది, జగిత్యాలలో ఇంకొకరు మార్చింది, కరీంనగర్‌లో తీసిన ఈఈజీ, హైదరాబాద్‌లో కొత్తగా కలిపిన గోలీ... అన్నీ అందులోనే. నాన్న దుబాయ్‌లో ఉంటే వాట్సాప్‌లో ఫోటోలు. మన పిల్లల మెదడు జబ్బుల మందుల చరిత్రంటూ ఏదైనా ఉంటే, అది ఈ కవర్లలోనే ఉందని నా నమ్మకం.

ఇలాంటి పిల్లలు ఎక్కడో ఒకరిద్దరు కాదు. హైదరాబాద్‌తో కలిపి దేశంలో ఐదు చోట్ల 2–9 ఏళ్ల పిల్లలు 3,964 మందిని పరీక్షించిన అధ్యయనం 2018లో వెలువడింది. చూపు, వినికిడి లోపాలను కూడా కలుపుకుంటే, దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి నాడీ వికాసానికి సంబంధించిన ఏదో ఒక ఇబ్బంది కనిపించింది.

ఇప్పుడు ఒక చీటీని దగ్గరగా చూద్దాం. ఫిట్స్‌కు వాడే సోడియం వాల్ప్రోయేట్ సిరప్, 5 మి.లీ., పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. మామూలుగా దొరికే సీసాలో 5 మి.లీ.కి 200 మి.గ్రా. మందు ఉంటుంది. అంటే రోజుకు 400. పిల్లవాడు 15 కిలోలు ఉన్నప్పుడు కిలోకు సుమారు 27 మి.గ్రా. పడుతుంది. వాడే పెరిగి 22 కిలోలైతే, అదే సిరప్, అదే మూత, కిలోకు 18 మాత్రమే. మళ్లీ ఫిట్స్ వచ్చాయనుకోండి, ‘మందు పనిచేయట్లేదు’ అని ఇంట్లోవాళ్లు ఇంకో దవాఖానకు తీసుకుపోతారు. అక్కడ రెండో మందు కలపొచ్చు. చీటీలో బరువు గడి ఖాళీగా ఉంటే అసలు కారణం ఎవరికీ కనపడదు. మోతాదు పెంచాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి. సొంతంగా పెంచినా, హఠాత్తుగా ఆపినా ప్రమాదమే.

చీటీలన్నీ ఒకచోట చేరితే ఏం తెలుస్తుందో డెన్మార్క్ చూపించింది. అక్కడ ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంటుంది. మందుల షాపు లెక్క, ఆసుపత్రి లెక్క ఆ నంబరుతో కలుస్తాయి. 1996–2006 మధ్య పుట్టిన 6,55,615 మంది పిల్లల రికార్డులు చూస్తే, తల్లి గర్భంతో ఉండగా వాల్ప్రోయేట్ వాడితే పుట్టిన పిల్లల్లో ఆటిజం వర్గపు సమస్యల ముప్పు 4.42 శాతం, మొత్తం పిల్లల్లో 1.53 శాతం. 2013లో ఈ ఫలితం అచ్చయింది. పదిహేనేళ్ల అమ్మాయికి ఇదే మందు నడుస్తుంటే, పెళ్లి మాట రాకముందే తల్లి డాక్టరును కలిసి అడగాల్సిన సంగతి ఇది. పెళ్లి కుదిరాక మందు దాచిపెట్టడం, మానేయడం మన ఊళ్లలో కొత్త కాదు. రెండూ ఆ పిల్లకు ప్రమాదమే.

రికార్డంటే భయం కూడా ఇక్కడి నుంచే. ‘పేరు బయటపడితే సంబంధాలు రావు’ అంటారు. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కానీ దానికి దారి ఉంది. లండన్‌లోని మాడ్స్‌లీ మానసిక వైద్య సంస్థలో పేర్లు, చిరునామాలు కనపడకుండా చేశాకే డాక్టర్ల రాతలను పరిశోధకులకు చూపిస్తారు. ఆటిజం ఉన్న ఏ పిల్లలకు యాంటీసైకోటిక్ మందులు ఎక్కువగా రాస్తున్నారో అలాగే పరిశీలించారు. మన 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా రోగి వివరాల గోప్యతను హక్కుగా రాసింది.

నియమాల ప్రకారం దాచాల్సిన చీటీలు మన దగ్గరా ఉన్నాయి. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు. దాన్ని అమ్మడానికి షాపుకు విడిగా లైసెన్సు కావాలి. చీటీ రెండు ప్రతుల్లో ఉండాలి. ఒకటి షాపువాళ్లు రెండేళ్లు దాచాలి. అంటే ఈ ఒక్క మందుకైనా అమ్మ కవర్‌కు తోడుగా ఇంకో రికార్డు ఉన్నట్టే. ఇక దవాఖానలో చేరిన పిల్లల రికార్డులను డాక్టర్లు మూడేళ్లు ఉంచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. 2002 నాటి వైద్య మండలి నియమావళిలోనే ఈ మాట ఉంది.

జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. అక్కడి పిల్లల విభాగంలో ఒక్క ఏడాది ఫిట్స్ చీటీలు, పేర్లు తీసేసి, ముందేసుకుంటే చాలు. ఎన్నింట్లో బరువు రాశారు? ఎందరికి రెండు మందులు నడుస్తున్నాయి? మూడో నెల తర్వాత మళ్లీ రానివాళ్లు ఎందరు, వాళ్లది ఏ మండలం? పెద్ద కంప్యూటర్లేమీ అక్కర్లేదు, ఒక రిజిస్టరు, ఓపికగా కూర్చునే ఇద్దరు విద్యార్థులు ఉంటే మొదలుపెట్టొచ్చు.