చాకలి ఐలమ్మ

చాకలి ఐలమ్మగా ప్రసిద్ధి పొందిన చిట్యాల ఐలమ్మ (1895 సెప్టెంబరు 26 - 1985 సెప్టెంబరు 10) తెలంగాణ రైతాంగ పోరాటానికి ప్రేరణగా నిలిచిన శ్రామిక మహిళ. బట్టలు ఉతుకుతూ, కౌలు భూమిని సాగుచేసుకుంటూ జీవించిన ఈమె, విస్నూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి అధికారాన్ని ధిక్కరించి తన పంటను దక్కించుకున్నది. భూమిని దున్నినవారికే పంటపై హక్కు ఉండాలన్న డిమాండుకు ఈ సంఘటన తొలి ఉదాహరణలలో ఒకటిగా చరిత్రలో నిలిచిపోయింది.

జననం, కుటుంబం

ఐలమ్మ ప్రస్తుత వరంగల్ జిల్లా రాయపర్తి మండలంలోని కృష్ణాపురం గ్రామంలో జన్మించింది. తల్లిదండ్రులు ఓరుగంటి మల్లమ్మ, సాయిలు. వీరిది రజక కుటుంబం. నాటి ఆచారం ప్రకారం బాల్యంలోనే ఈమెకు పాలకుర్తికి చెందిన చిట్యాల నరసింహతో వివాహమయింది. వీరికి కుమారులు, ఒక కుమార్తె.

ఐలమ్మ జయంతిని సెప్టెంబరు 26న జరుపుతారు. జన్మ సంవత్సరంగా 1895 ప్రచారంలో ఉన్నప్పటికీ, కొన్ని రచనలలో 1919 అని కూడా కనిపిస్తుంది. మొదటి తేదీని ప్రమాణంగా తీసుకుంటే ఆమె తొంభయ్యవ ఏట మరణించినట్లు, ప్రసిద్ధి చెందిన పంట సంఘటన నాటికి యాభై ఏళ్ళ వయసులో ఉన్నట్లు భావించాలి.

పాలకుర్తి నాడు నల్గొండ జిల్లాలోని జనగామ తాలూకాలో ఉండేది. ఆ తరువాత ఈ ప్రాంతం వరంగల్ జిల్లాలో చేరింది. 2016లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో జనగామ జిల్లాలో భాగమయింది. అందువల్ల వివిధ గ్రంథాలలో ఐలమ్మ స్వస్థలం వేర్వేరు జిల్లాల పేర్లతో కనిపిస్తుంది.

వెట్టి, కౌలు

ఐలమ్మ పోరాటాన్ని అర్థం చేసుకోవడానికి నిజాం పాలనలోని తెలంగాణ గ్రామ వ్యవస్థను తెలుసుకోవడం అవసరం. దేశ్‌ముఖ్‌లు మొదట ప్రభుత్వం తరఫున శిస్తు వసూలు చేసినవారు. కాలక్రమంలో వీరిలో చాలామంది వేల ఎకరాలను తమ పేర రాయించుకొని పెద్ద భూస్వాములయ్యారు. వారి కోటల వంటి ఇళ్ళను గడీలు అనేవారు. గ్రామంలోని భూమి లెక్కలు పట్వారీ చేతిలో ఉండేవి. ఏ చేను ఎవరు దున్నుతున్నారో కాగితంపై రాసేది అతడే కాబట్టి, రైతు బ్రతుకు చాలావరకు అతని కలం మీద ఆధారపడి ఉండేది.

కూలి ఇవ్వకుండా బలవంతంగా చేయించుకునే పనిని వెట్టి అంటారు. ప్రతి వృత్తికులానికీ వెట్టి ఉండేది. రజకులు దొరల ఇళ్ళలోనూ, గ్రామాధికారుల ఇళ్ళలోనూ బట్టలు ఉతకడం, అంట్లు తోమడం వంటి పనులు ఉచితంగా చేయవలసి వచ్చేది. పిలిచిన వెంటనే ఇంటిల్లిపాదీ తమ పని విడిచి వెళ్ళాలి. వెళ్ళకపోతే దెబ్బలు తప్పేవి కావు. కులవృత్తిపైనే ఆధారపడిన కుటుంబానికి ఈ వెట్టి నుండి బయటపడే దారి లేదు. సొంతంగా సేద్యం చేసుకుంటే కొంత స్వతంత్రం కలుగుతుంది.

ఐలమ్మ కుటుంబం ఎంచుకున్నది ఈ రెండవ మార్గాన్నే. మల్లంపల్లికి చెందిన భూస్వామి కొండలరావుకు పాలకుర్తిలో ఉన్న భూమిని వారు కౌలుకు తీసుకొని, అందులో నాలుగు ఎకరాలను సాగులోకి తెచ్చారు. ఒక చాకలి స్త్రీ కౌలుదారుగా వరి పండించడం గ్రామ పెద్దలకు కంటగింపయింది.

సంఘంలో చేరిక

1930లో జోగిపేటలో తొలి సభ జరుపుకున్న ఆంధ్ర మహాసభ, మొదట్లో భాషా సాంస్కృతిక విషయాలపైన, సంస్కరణలపైన దృష్టి పెట్టింది. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో జరిగిన సభ తరువాత అది వెట్టి రద్దు, కౌలుదారుల రక్షణ వంటి రైతు సమస్యల వైపు పూర్తిగా మళ్ళింది. పల్లె ప్రజలు దీనిని "సంఘం" అని పిలిచేవారు. కార్యకర్తలు దుడ్డుకర్రలు చేతబట్టి తిరగడం వలన "గుత్పల సంఘం" అనే పేరు కూడా వచ్చింది.

పాలకుర్తిలో సంఘం ఏర్పడినపుడు ఐలమ్మ అందులో చేరింది. ఆమె ఇల్లు కార్యకర్తలకు ఆశ్రయమయింది. అదే కాలంలో పట్వారీ వీరమనేని శేషగిరిరావు, ఐలమ్మ కుటుంబం తన పొలంలో వచ్చి పనిచేయాలని ఒత్తిడి చేశాడు. ఆమె నిరాకరించింది. పట్వారీ ఈ విషయాన్ని విస్నూరు దేశ్‌ముఖ్‌కు ఫిర్యాదు చేయడంతో కుటుంబంపైన, సంఘం నాయకులపైన కేసులు వచ్చాయి. అయితే న్యాయస్థానంలో దేశ్‌ముఖ్ పక్షం నెగ్గలేదు.

పంట సంఘటన

కోర్టులో సాధ్యం కానిదాన్ని దేశ్‌ముఖ్ బలప్రయోగంతో సాధించదలచాడు. ఐలమ్మ సాగుచేస్తున్న భూమి తనదేనని చెప్పి, చేతికొచ్చిన వరిని కోసుకొని రమ్మని సుమారు వంద మందిని పంపాడు. కౌలు రైతుకు ఏడాది కష్టమంతా చేనిలోనే ఉంటుంది. విత్తనానికి తెచ్చిన అప్పు, కుటుంబం తిండి, కౌలు చెల్లింపు అన్నీ ఆ ధాన్యంతోనే తీరాలి. ఒక్క రోజులో పంట పోతే మరుసటి ఏడు మళ్ళీ వెట్టిలోకి వెళ్ళడం తప్ప గత్యంతరం ఉండదు. భూమిని లాక్కోవడానికి కోతకాలాన్ని ఎన్నుకోవడంలోని ఉద్దేశం ఇదే.

తన ప్రాణం ఉండగా పంటను తీసుకుపోనివ్వనని ఐలమ్మ ఎదురు నిలిచింది. భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆరుట్ల రామచంద్రారెడ్డి వంటి నాయకుల అండతో సంఘం కార్యకర్తలు గుత్పలతో చేరుకొని దేశ్‌ముఖ్ మనుషులను తరిమివేశారు. తరువాత వారే వరిని కోసి, కల్లంలో కొట్టి, ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు. పోలీసులు వచ్చినా ఆ ధాన్యాన్ని తీసుకుపోలేకపోయారు.

ఈ విజయానికి ఆమె కుటుంబం పెద్ద మూల్యం చెల్లించింది. దేశ్‌ముఖ్ మనుషులు ఇంటిని తగులబెట్టి, ఉన్నదంతా దోచుకున్నారు. ఆమె కుమార్తెపై అత్యాచారం జరిగింది. అయినప్పటికీ ఐలమ్మ భూమిని గాని, సంఘాన్ని గాని వదలలేదు.

చారిత్రక ప్రాధాన్యం

అంతవరకు దొరను ఎదిరించడం అసాధ్యమని నమ్మిన చుట్టుపక్కల గ్రామాలకు పాలకుర్తి వార్త ధైర్యాన్నిచ్చింది. 1946 జూలై 4న అదే దేశ్‌ముఖ్ ఆధిపత్యంలోని కడవెండిలో ఊరేగింపుపై జరిపిన కాల్పుల్లో దొడ్డి కొమరయ్య మరణించాడు. ఆ తరువాత ఉద్యమం సాయుధ పోరాటంగా మారి, 1951 అక్టోబరులో విరమించే వరకు సాగింది. 1950లో వచ్చిన హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులను గుర్తించింది. నాలుగు ఎకరాల వరి విషయంలో ఐలమ్మ వేసిన ప్రశ్న ఆ విధంగా చట్టంలోకి కూడా ప్రవేశించింది.

ఐలమ్మది ఒంటరి సాహసంగా చెప్పడం పరిపాటి. కాని ఆమె బలంలో సగం ఆమె కలుపుకున్న మనుషులది. పదిమందిని ఇంటికి రానిచ్చి, వారి మాట విని, తన కష్టాన్ని వారి ముందు పెట్టినందువల్లనే కోతరోజున పొలంలో ఆమె వెంట మనుషులు నిలిచారు. మరోవైపు, వెట్టికి రానని ఆమె ముందుగా తనంత తాను చెప్పి ఉండకపోతే సంఘం అండగా నిలిచే సందర్భమే ఏర్పడేది కాదు.

తరువాతి జీవితం, స్మరణ

పోరాటం ముగిసిన తరువాత ఐలమ్మ మరో మూడు దశాబ్దాలకు పైగా జీవించి 1985 సెప్టెంబరు 10న మరణించింది. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను వారి మాటలలోనే నమోదు చేసిన "మనకు తెలియని మన చరిత్ర" ఆ మరుసటి సంవత్సరం వెలువడింది. నాయకుల రచనలలో పక్కకు జరిగిన సామాన్య స్త్రీల పాత్రపై చర్చ అప్పటినుండి విస్తరించింది.

పాలకుర్తిలో ఐలమ్మ విగ్రహం ఉంది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత ఆమె జయంతి, వర్ధంతి ప్రభుత్వ కార్యక్రమాలుగా జరుగుతున్నాయి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం హైదరాబాదులోని కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టింది. ఒకప్పుడు గడీలోకి వెట్టికి పిలవడానికి వాడిన వృత్తి నామం, అక్షరాలు నేర్చే అవకాశం దొరకని స్త్రీ పేరుతో కలిసి, నేడు వేలాది విద్యార్థినుల పట్టాలపై కనిపించే పేరయింది.