పొలం కొలిచిన మన్రో దొర

పుట్టపర్తి చుట్టుపట్ల రైతును మీకెంత పొలమున్నదని అడిగితే ఎకరాలలో చెప్పుతాడు. పెనుకొండ, ధర్మవరం, హిందూపురం సీమలలో చేలను ఎకరాల లెక్కన కొలిపించినవాడు సర్ థామస్ మన్రో అనే స్కాట్లండు దేశీయుడు.

ఆయన 1761 మే 27న గ్లాస్గో నగరంలో ఒక వర్తకుని ఇంట జన్మించినాడు. చదువుకొనే రోజులలో గణితమన్నా, రసాయనశాస్త్రమన్నా మక్కువ ఎక్కువ. 1780లో సైనికుడుగా చెన్నపట్నంలో దిగినాడు. 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి వదలుకొన్న దత్తమండలాలకు ప్రధాన కలెక్టరైనాడు. అప్పుడీ సీమలో సుమారు 80 మంది పాలెగాండ్లు ఉండేవారు. వారిని లొంగదీసి, డేరాలలో కాపురముంటూ ఊరూరు తిరిగినాడు.

కొలత ఎట్లు సాగినదో చూడండి. గొలుసు పొడవు 33 అడుగులు. అంతే పొడవు, అంతే వెడల్పు గల చదరం 1,089 చదరపుటడుగులు, అదే గుంట. 40 గుంటలు చేరితే 43,560 చదరపుటడుగులు, అనగా సరిగా ఒక ఎకరం. తరువాత చెరువు క్రింది తరి, బావి క్రింది తోట, వానకు పండే మెట్ట అని నేలలను విభజించి, సారాన్నిబట్టి తరములు కట్టినారు. శిస్తును నడుమ జమీందారు లేకుండా రైతే సర్కారుకు చెల్లించాలి. ఇదే రైతువారీ పద్ధతి.

గొలుసు సరిగానే కొలిచినది గాని, శిస్తు మాత్రం హెచ్చు. పంట విలువ 100 వరహాలైతే సర్కారు వాటా సుమారు 45. ఆ శిస్తు కట్టినవాడు మన్రోయేనన్న సంగతి మరువరాదు. ఏడేండ్లలో కంపెనీ రాబడిని బాగా పెంచినవాడూ ఆయనే. అయినా 1807 ఆగస్టు 15న పై అధికారులకు పంపిన నివేదికలో, ఈ శిస్తులో నాలుగవ వంతు తగ్గించవలెనని వ్రాసినాడు. 45లో 11¼ పోగా 33¾ మిగులుతుంది. అంటే పంటలో ఇంచుమించు మూడవ వంతు. నీరు తోడుకొని పండించే భూములకు నూటికి 33 తగ్గించమన్నాడు. కపిలె తోలే రైతుకు ఎద్దులు, మోకు, తోలుబాన అన్నీ సొంత ఖర్చే గదా!

కంపెనీవారు వినలేదు. మన్రో స్వదేశం వెళ్ళగానే గ్రామాలను మొదట మూడేండ్లకు, పిమ్మట పదేండ్లకు గుత్తకిచ్చినారు. 1820లో మన్రో చెన్నపట్నం గవర్నరై వచ్చిన తరువాతనే ఆ తగ్గింపు అమలైనది. నివేదిక వ్రాసి అప్పటికి పదమూడేండ్లు.

1825లో ఆయనకు బారొనెట్ బిరుదు వచ్చినది. 1827లో దత్తమండలాలను కడసారి చూడవచ్చి, జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించినాడు. కలరా కలుషిత జలం ద్వారా వ్యాపిస్తుందని లండనులో జాన్ స్నో 1854లో నిరూపించేసరికి మరి 27 ఏండ్లు గడచినవి. మన్రోను మొదట గుత్తిలో సమాధి చేసి, 1831లో అస్థికలను చెన్నపట్నం కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించినారు.